కోర్ ఏరియాలో ఉన్న మా తండాను బలవంతంగా ఖాళీ చేయిస్తరా?

అమ్రాబాద్ మండలం నుంచి ఒక తమ్ముడు అడిగిండు, డిగ్రీ అయిపోయి ఊర్లనే ఉంటున్నడట. ఆయన రాసింది ఇది: "వకీల్ సాబ్, మాది అడవి లోపలి తండా. ఇది టైగర్ రిజర్వ్ కోర్ ఏరియా, కుటుంబానికి 15 లక్షలు ఇస్తం, సంతకం పెట్టుండ్రి అని ఇంటింటికి తిరుగుతున్నరు. కొందరు పెట్టిన్రు, మా నాయన పెట్టలే. పెట్టకపోతే బలవంతంగా పంపిస్తరా? మా మూడెకరాల పోడుకు పట్టా రాలే, దరఖాస్తు పెండింగ్‌ల ఉంది. మేకలను అడవిలకు రానిస్తలేరు. మమ్మల్ని పంపినంక ఇక్కడ గనులు తవ్వుతరని అంటున్నరు, నిజమేనా? ఇంకోటి, మా పక్క చేను ఆయన అడవి పందులకు కరెంటు తీగ పెడుతుండు, దానితోని మాకేమన్నా కేసు అయితదా?"

తమ్మీ, ముందు మీ నాయనకు చెప్పు, సంతకం పెట్టకపోవుడు నేరం కాదు. పెట్టలేదని ఎవ్వలు గూడ మిమ్మల్ని లేపలేరు. ఈ మాట నేను ధైర్యం చెప్పనీకి అంటలేను, పులిని కాపాడే చట్టంలనే ఉంది.

మన దేశంల అడవి జంతువులకు అసలు చట్టం 1972ల వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం. అభయారణ్యం, నేషనల్ పార్క్ అని రెండు రకాలు దాంట్ల మొదటినుంచి ఉన్నయి, టైగర్ రిజర్వ్ అన్నదానికి మాత్రం చట్టంల చోటు 2006 సవరణతోనే దొరికింది, అంతకుముందు ప్రాజెక్ట్ టైగర్ 1973 నుంచి నడిచినా అది సర్కారు స్కీమే. మన నల్లమల 1983లనే ఆ స్కీంల చేరింది, నాగార్జునసాగర్-శ్రీశైలం అని, రాష్ట్రం వేరైనంక మన దిక్కు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయ్యింది. మొత్తం 2,611 చదరపు కిలోమీటర్లు, అందుల కోర్, అంటే పులికే విడిచిపెట్టాల్సిన నడిమి అడవి, 2,166, దాని చుట్టుపక్కల ఉండే బఫర్ 445. అంటే బఫర్ చాలా తక్కువ, అందుకే మీ అసొంటి ఊర్లు, చెంచుల పెంటలు ఎక్కువగా కోర్‌లనే పడ్డయి.

ఇప్పుడు ఆ 2006 సవరణల 38-వి అని ఒక సెక్షన్ ఉంది, దీని నంబర్ గుర్తుపెట్టుకో, ఆఫీసర్ ముంగట ఆ నంబర్ చెప్తే మాట మారుతది. కోర్‌ను మనుషుల అలికిడి లేకుండ ఉంచాలె అని చెప్పేది ఆ సెక్షనే, అయితే గిరిజనుల, అడవిల బతికేటోళ్ల హక్కులకు నష్టం కాకుండా అని అదే వాక్యంల రాసిన్రు. ఊరును తరలించాల్నంటే అది స్వచ్ఛందంగా, రెండు దిక్కుల ఒప్పుకున్న షరతుల మీదనే జరగాలె. దానికి ముందు అడవి హక్కులు తేల్చుడు పూర్తి కావాలె. మనుషులు అక్కడ ఉండుడు వల్ల పులికి మళ్ల పూడ్చలేని నష్టం అయితున్నదని, కలిసి బతికే దారి వేరే లేదని, ఆ ఏరియా తెలిసిన పర్యావరణ, సామాజిక శాస్త్రవేత్తలను అడిగి తేల్చాలె. బతుకుదెరువుతో సహా ప్యాకేజీ తయారు కావాలె. గ్రామసభ అన్నీ తెలుసుకొని ఒప్పుకోవాలె, ఆ మీద పోయే మనిషి గూడ ఒప్పుకోవాలె. పోయే చోట భూమి, సౌకర్యాలు ఇచ్చినంకనే కదిలియ్యాలె, ఇయ్యకపోతే ఉన్న హక్కుల జోలికి పోవద్దని రాసిపెట్టిన్రు. ఇవన్నీ కలిపి జరగాలె, ఒక్కటి తప్పినా మనం కోర్టుల నిలబడి అడగొచ్చు.

మీ కేసుల మొదటి మెట్టు దగ్గరనే ఆగిపోయింది చూడు. మీ పోడు దరఖాస్తు పెండింగ్ అన్నవ్ కదా, అంటే హక్కులు తేల్చుడే కాలే. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 4(5) ప్రకారం మీ దరఖాస్తు పరిశీలన అయిపోయేదాకా భూమిల నుంచి మిమ్మల్ని లేపొద్దు. మీరు లంబాడోళ్లు, తెలంగాణల ఎస్టీలే, కాబట్టి 2005 డిసెంబర్ 13 నాటికి ఆ భూమి మీ సాగుల ఉంటే చాలు, మూడు తరాల లెక్క ఎస్టీలు కానోళ్లకే. నాలుగు హెక్టార్ల దాకా ఇయ్యొచ్చు, మీది మూడెకరాలే. ఇంకో విషయం, ఎస్టీల భూమి నుంచి అన్యాయంగా లేపుడు, అడవి హక్కులు అనుభవించకుండ అడ్డుపడుడు 2016 నుంచి ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ చట్టం కింద గూడ నేరం. దీన్ని బెదిరించనీకి వాడొద్దు, నిజంగ ఎవలన్న జేసీబీ తెస్తే మాత్రం మర్చిపోవద్దు.

ఇగ సంతకాల సంగతి. పోయినేడు ఒక పెద్దమ్మ నా దగ్గరికి అచ్చంపేట కోర్టుకు వచ్చింది, బొడ్ల సంచిలకెళ్లి ప్లాస్టిక్ కవర్ తీసింది, దాంట్ల నాలుగు మడతల తరలింపు ఒప్పుదల కాయితం. పేరు రాసి ఉంది, వేలిముద్ర ఉంది, తారీఖు దగ్గర ఖాళీ, కుటుంబ సభ్యుల సంఖ్య దగ్గర ఖాళీ, రెండు ఆప్షన్లు అచ్చేసి ఉన్నయి, దేనికీ టిక్కు లేదు. "ఏందమ్మా ఇది" అంటే "రేషన్ కాయితం అన్నరు బిడ్డా" అన్నది. ఆమె బొటనవేలు మీద సిరా ఇంకా పోలే. ఆ కాయితం చూసినప్పటిసంది నేను ఎవలు అడిగినా ఇదే చెప్తున్న, ఖాళీలున్న కాయితం మీద వేలు పెట్టొద్దు, మీ వాడకట్టుల చదువుకున్నోడు ఒకడు గట్టిగ చదివి వినిపించినంకనే పెట్టుండ్రి.

ఆ రెండు ఆప్షన్లు ఏందంటే, ఒకటి 15 లక్షలు తీసుకొని మీ దారి మీరు చూసుకునుడు. 2021 దాకా అది 10 లక్షలే ఉండె. రెండోది, డబ్బు మొత్తం చేతికి రాదు, సర్కారే భూమి, ఇల్లు, రోడ్డు, నీళ్లు చూపిచ్చి తరలిస్తది. కుటుంబం అంటే ఇక్కడ పొయ్యి లెక్క కాదు, 18 ఏండ్లు నిండిన కొడుకు పెండ్లి కాకున్నా వేరే కుటుంబమే, 18 దాటిన పెండ్లిగాని బిడ్డ గూడ అంతే, భర్త చనిపోయిన ఆడమనిషి గూడ అంతే. నువ్వు డిగ్రీ అయిపోయిన పిలగానివి, నీ పేరు వేరేగ రావాలె, తరలింపు కుటుంబాల లిస్టుల ఉందా లేదా ముందు చూసుకో. పోవాలనుకునేటోళ్లను నేను తప్పు పట్టను, దవాఖాన లేక, బడి లేక, పిల్లల కోసం పోతం అంటే అది వాళ్ల హక్కు, కాని తెలిసి పోవాలె. నా సొంత అభిప్రాయం అడిగితే, వ్యవసాయం తప్ప ఇంకో పని తెల్వని ఇంటికి నగదు మాత్రమే తీసుకునుడు మంచిది కాదు, భూమి ఉన్న ఆప్షనే నయం.

గ్రామసభ అంటే గూడ ఎవలో పదిమంది చెట్టు కింద కూసొని రిజిస్టర్ల సంతకం పెట్టుడు కాదు. అటవీ హక్కుల రూల్స్ ప్రకారం కనీసం సగం మంది రావాలె, వచ్చినోళ్లల్ల మూడోవంతు ఆడోళ్లు ఉండాలె, హక్కుల దరఖాస్తుల మీద తీర్మానం అయితే దరఖాస్తుదారుల్ల సగం మందన్న ఉండాలె. ఆ తీర్మానం నకలు మీరు అడిగి తీసుకోవాలె. దరఖాస్తు సంగతి సబ్ డివిజన్ కమిటీలనే ఆగిందా, జిల్లా కమిటీకి పోయిందా అని కాయితం మీద అడుగుండ్రి, నోటిమాట కాదు. మన్ననూర్ ఐటీడీఏల, అంటే గిరిజన అభివృద్ధి సంస్థ ఆఫీసుల ఇచ్చి ముద్ర వేయించుకో, ఆ ముద్ర ఉన్న నకలే రేపు నీకు సాక్ష్యం. రిజెక్ట్ అయ్యిందని చెప్తే, ఆ ఉత్తర్వు చేతికొచ్చినప్పటి నుంచి పై కమిటీకి అప్పీలుకు 60 రోజులు.

మేకల సంగతి ఇంకొంచెం చిక్కు. నేషనల్ పార్క్ అయితే పశువులను మేపుడు పూర్తిగ బంద్, అభయారణ్యంల అయితే వార్డెన్ అనుమతి మీద నడుస్తది. మీకు అటవీ హక్కుల చట్టం కింద మేత, ఇప్పపువ్వు, తునికాకు, తేనె అసొంటి సామూహిక హక్కులు వస్తయి, కాని అవి ఊరంతా కలిసి ఫారం-బి పెట్టి తెచ్చుకోవాలె, ఎక్కువమంది సొంత భూమికి పెట్టే ఫారం-ఎ ఒక్కటే పెట్టి ఊకుంటున్నరు. ఈ హక్కులల్ల వేటాడే హక్కు మాత్రం ఎప్పుడూ ఉండదు, కుందేలైనా సరే.

గనుల మాట. 2019ల యురేనియం సర్వే అన్నప్పుడు నల్లమల అంతా లేచింది, ఆ సెప్టెంబర్ల శాసనసభ గూడ వద్దని తీర్మానం చేసింది, మీ భయం ఆ నాటిదే, నాకు అర్థమైతది. చట్టం ఏమంటదంటే, రిజర్వ్ హద్దులు మార్చాల్నన్నా, ఆ జాగా అడవికి చెరుపు చేసే పనికి ఇయ్యాల్నన్నా రాష్ట్రం ఒక్కటే చేయలేదు, జాతీయ పులుల సంరక్షణ ప్రాధికార సంస్థ, జాతీయ వన్యప్రాణి బోర్డు దాటిపోవాలె. అది గట్టి తాళమే, కాని ప్రజా ప్రయోజనం అనే సందు ఒకటి ఉంచిన్రు, కాబట్టి గ్రామసభ తీర్మానంల ఈ జాగా అడవిగనే ఉండాలె, ఇంకే పనికీ ఇయ్యొద్దు అని ఒక లైను రాయించుండ్రి.

కరెంటు తీగ. తమ్మీ, ఇది అన్నిటికన్నా అర్జెంటు. చట్టంల వేట అంటే తుపాకి పట్టుకునుడే కాదు, ఉచ్చు పెట్టుడు, పెట్టే ప్రయత్నం గూడ వేటనే, జంతువు చావకపోయినా సరే. టైగర్ రిజర్వ్‌ల వేటాడితే మూడేండ్లకు తక్కువ జైలు లేదు, ఏడేండ్ల దాకా పడొచ్చు, జరిమానా 50 వేల నుంచి 2 లక్షలు. కాంపౌండింగ్, అంటే ఆఫీసర్ దగ్గర పైసలు కట్టి కేసు లేకుండ బయటపడుడు, ఈ కేసుకు లేదు. కరెంటు దొంగతనం కేసు వేరే. తీగ పెట్టింది ఆయన, కాని అది మీ గట్టు మీదికెళ్లి గుంజితే, మీ మోటరు స్టార్టర్ నుంచి లైను తీసుకుంటే పంచనామల మీ నాయన పేరు గూడ వస్తది. అసిస్టెంట్ కన్జర్వేటర్ ర్యాంకు ఆఫీసర్ ముద్దాయి ముంగట రాసుకున్న సాక్షుల వాంగ్మూలం కోర్టుల సాక్ష్యంగ చెల్లుతది, పోలీస్ స్టేషన్ల రాసుకునే దానిలెక్క కాదు. చిరుత చచ్చేదాకా ఎందుకు, పొద్దుగూకినంక మీ తమ్ముడే మేకపిల్ల కోసం ఆ దిక్కు పోతే ఏమైతది? పంట నష్టానికి ఫారెస్టు ఆఫీసుల అర్జీ పెట్టమను, ఈ సాయంత్రమే పోయి నువ్వు, మీ నాయన, ఇంకో పెద్దమనిషి కలిసి మాట్లాడి ఆ తీగ తీయించుండ్రి. గ్రామసభ కాయితాలు, మీ ఫారం-ఎ నకలు తెచ్చి సోమవారం పదిన్నరలోపు అచ్చంపేట కోర్టుకాడికి రా, ఆ ఐటీడీఏ అర్జీ ఇద్దరం కూసొని రాద్దం.