అరకు గింజలు కొన్నాం, కాఫీ పుల్లగా వస్తోంది

ప్రశ్న: సెలవులకి అరకు వెళ్ళినప్పుడు ఇష్టపడి లైట్ రోస్ట్ (తక్కువగా వేయించిన) కాఫీ గింజలు అరకిలో కొన్నాం. ఇంట్లో మిక్సీ పట్టి ఫిల్టర్‌లో వేస్తే డికాక్షన్ పల్చగా, పుల్లగా దిగుతోంది. పాలు పోశాక అసలు కాఫీ తాగినట్టే లేదని అత్తయ్యగారు పక్కన పెట్టేస్తున్నారు. పాడైన గింజలు అంటగట్టారా? మళ్ళీ మూకుడులో వేయించుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: గింజలకేమీ కాలేదండీ, వాటిని వేయించిన తీరే అంత. కాఫీ గింజలో పులుపు పుట్టుకతోనే ఉంటుంది, వేగేకొద్దీ అది తగ్గి చేదు పెరుగుతుంది. పాలు లేకుండా తాగేవాళ్ళు ఆ పులుపు కోసమే లైట్ రోస్ట్ కొంటారు. మన చిక్కటి పాలూ పంచదారా పడితే ఆ రుచి నిలబడదు. పైగా మీ అత్తయ్యగారికి అలవాటైన పొడిలో చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) కూడా ఉండి ఉంటుంది, ఆ చిక్కదనం, నలుపు చాలావరకు దానివే.

గుంటూరులో మా వంటింట్లో నేనోసారి 200 గ్రాముల పచ్చి గింజలు ఇనప మూకుడులో వేయించాను. మొదట పచ్చిగడ్డి వాసన, గింజ పసుపు రంగుకి తిరిగాక బ్రెడ్ కాల్చిన వాసన, పొట్టు ఎగిరి స్టవ్ నిండా పడింది, ఆ తర్వాత లోపలి ఆవిరికి గింజలు పేలాల్లా టప్‌టప్‌మన్నాయి. అప్పటికి గింజ వేడి 200 డిగ్రీల దగ్గర ఉంటుంది, అక్కడే దించేస్తే మీరు కొన్న లైట్ రోస్ట్. ఇంకాస్త వేగితే మీడియం. ఇంకా ఉంచితే, 225 దగ్గర, రెండోసారి సన్నగా చిటచిటమంటాయి, పైకి నూనె తేలుతుంది, అది డార్క్. అదీ దాటితే ఏ తోట గింజైనా ఒకటే, మాడు చేదు తప్ప ఏమీ మిగలదు. పోపులో మెంతులు చూశారుగా, రంగు వచ్చిందనుకునేలోపే మాడతాయి, ఇదీ అంతే, కాస్త ముందే దించి పళ్ళెంలో పోసి విసరాలి. దించాక తూస్తే, తడి పోయి 170 గ్రాములే ఉన్నాయి.

మీ గింజల్ని మాత్రం మళ్ళీ వేయించకండి, ఒకసారి వేగి తడి పోయినవి కదా, చప్పగా, మాడు వాసనతో తయారవుతాయి. పొడి ఇంకొంచెం మెత్తగా పట్టి, నీళ్ళు బాగా మరిగినవి పోసి చూడండి. పులుపు తగ్గుతుంది. లేదా సగం డార్క్ రోస్ట్ పొడి కలపండి. ఈసారి కొనేటప్పుడు పాలలోకి అని చెప్పి మీడియంకీ డార్క్‌కీ మధ్యలో ఉన్నది అడగండి, ప్యాకెట్ మీద వేయించిన తేదీ చూడండి, నెల దాటితే వద్దు.

నల్లగా ఉన్న కాఫీలో కెఫీన్ ఎక్కువ అనుకుంటారు చాలామంది. వేయించడంతో కెఫీన్ పెద్దగా మారదు, కాబట్టి అత్తయ్యగారికి నిద్ర పట్టదేమోనన్న టెన్షన్‌తో డార్క్ మానక్కర్లేదు.