రంగు పాతకాలందే, మరి గిటార్ సంగతి?

ప్రశ్న: నాలుగేళ్లుగా అకూస్టిక్ వాయిస్తున్నాను. ఇప్పుడు మొదటి ఎలక్ట్రిక్ గిటార్ కొనాలని చూస్తుంటే, 1950ల టెలికాస్టర్ (ఫెండర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్) పోలికలో ఉన్న మధ్యస్థ ధర మోడల్ ఒకటి బాగా నచ్చింది. లేత తేనెరంగు బాడీ, నల్ల పిక్‌గార్డ్, పసుపు తిరిగిన మేపుల్ నెక్ (తీగలు నొక్కే పొడవాటి భాగం). వారం రోజులుగా కళ్లముందే మెదులుతోంది. పైపై మెరుపు చూసి పడిపోతున్నానేమో అని టెన్షన్‌గా ఉంది. చేతిలోకి తీసుకున్నాక ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అందం చూసి ఇష్టపడితే తప్పేం లేదండీ. చూడగానే చేతిలోకి తీసుకోవాలనిపించే గిటార్‌నే మనం రోజూ వాయిస్తాం. కాకపోతే పాతకాలపు డిజైన్ అన్నప్పుడు కంటికి కనిపించేవి కొన్ని, చేతికి తగిలేవి కొన్ని ఉంటాయి. మీరు చెప్పిన రంగు, పిక్‌గార్డ్, పసుపు పూత అన్నీ కంటికి సంబంధించినవే, వాటిని ఏ కంపెనీ అయినా తెచ్చిపెట్టగలదు. మీరు పరీక్షించాల్సింది చేతికి తగిలేవాటిని.

ముందు నెక్. ఆంప్‌కి (శబ్దం పెంచే పెట్టెకి) తగిలించకముందే ఎడమచేతి వేళ్లను నెక్ అంచు వెంబడి పైనుంచి కిందికి మెల్లగా జరపండి. చెక్క ఆరి కుంచించుకుపోతే ఫ్రెట్ల (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) కొనలు బయటికి పొడుచుకొస్తాయి, వేలికి రంపపు పళ్లలా తగులుతాయి. ఈ ధరలో గిటార్‌కీ గిటార్‌కీ తేడా ఎక్కువగా కనిపించేది ఇక్కడే, ఒకే మోడల్‌లో ఒకటి నున్నగా ఉంటే పక్కది గీసుకుపోతుంది. తర్వాత సన్నటి తీగను 15వ ఫ్రెట్ దగ్గర పట్టుకుని ఒక పూర్తి స్వరం పైకి బెండ్ చేయండి, అంటే నొక్కిన తీగను పక్కకి లాగి స్వరం పెంచండి. అసలైన పాత ఫెండర్లలో ఫ్రెట్‌బోర్డ్ (ఫ్రెట్లు బిగించిన నెక్ పైభాగం) రేడియస్ 7.25 అంగుళాలు, అంటే వంపు ఎక్కువ. కార్డ్‌లు (ఒకేసారి మోగే కొన్ని స్వరాలు) పట్టడానికి హాయిగా ఉంటుంది కానీ, తీగలను బాగా కిందికి దించి సెట్ చేస్తే బెండ్ మధ్యలో స్వరం గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. అందుకే ఫెండర్ వాళ్లదే తక్కువ ధర బ్రాండ్ స్క్వయర్‌లోని క్లాసిక్ వైబ్ లాంటి వాటిలో రూపం పాతదే ఉంచి, రేడియస్ మాత్రం 9.5 అంగుళాలకు పెంచి వంపు తగ్గించారు. మీరు చూసిన మోడల్‌లో ఎంతుందో తప్పకుండా అడగండి.

బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జిలో మూడే శాడిళ్లు (తీగలు కూర్చునే చిన్న లోహపు ముక్కలు) ఉన్నాయా, ఆరున్నాయా? మూడుంటే ఒక్కోదాని మీద రెండేసి తీగలు కూర్చుంటాయి, ఒకదాన్ని సరిచేస్తే రెండోది కాస్త పక్కకి పోతుంది. ట్యూనర్ పెట్టుకుని ఒక్కో తీగకీ 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా వేలితో తాకి మీటితే వచ్చే స్వరం), ఆ తర్వాత అదే ఫ్రెట్ నొక్కిన స్వరం పోల్చి చూడండి. కొద్దిపాటి తేడా ఆ డిజైన్‌లోనే ఉంది. దాన్ని తగ్గించడానికే కొన్ని గిటార్లలో శాడిళ్లను ఏటవాలుగా చేస్తారు. నాకైతే మూడు ఇత్తడి శాడిళ్ల బ్రిడ్జిలో వచ్చే ఖంగుమనే మోత ఇష్టం, దానికోసం ఆ చిన్న తేడాతో సర్దుకుపోతాను. మీ చెవి ఒప్పుకోకపోతే ఆరున్నదే తీసుకోండి.

నట్ (నెక్ పైకొనలో తీగలు గాడుల్లో కూర్చునే చిన్న పట్టీ) గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. నా మొదటి పాతకాలపు తరహా గిటార్‌లో మూడో తీగ శ్రుతి ఎంతకీ నిలిచేది కాదు. ట్యూనింగ్ కీలే నాసిరకమని మార్పించేశాను, అయినా అదే కథ. చివరికి తేలిందేమిటంటే నట్‌లో గాడి ఇరుకు, తీగ అందులో పట్టేసి, ఉన్నట్టుండి జారుతోంది. కీ తిప్పుతున్నప్పుడు టిక్ టిక్‌మని చప్పుడొచ్చి శ్రుతి గెంతినట్టు మారితే అదే జబ్బు. రిపేర్ చేసేవాళ్లు గాడిని సన్నటి ఆకురాయితో కాస్త వెడల్పు చేస్తే పోతుంది, దానికోసం గిటార్‌ని వదులుకోనక్కర్లేదు.

ఇప్పుడు ఆంప్. సింగిల్ కాయిల్ పికప్ (తీగల కదలికను పట్టే, ఒకే తీగచుట్ట ఉన్న అయస్కాంత భాగం) గుయ్‌మనడం సహజం, కంగారుపడకండి. గిటార్‌ని అటూఇటూ తిప్పితే ఆ రొద పెరిగి తగ్గుతుంది. చాలా మోడళ్లలో స్విచ్ మధ్యలో పెట్టి రెండు పికప్‌లూ కలిపితే దాదాపు పోతుంది. కానీ ఆంప్‌లో గెయిన్ (శబ్దాన్ని గరుకుగా మార్చే నాబ్) పెంచినప్పుడు ఈల వేసినట్టు కీచుమంటే మాత్రం అది వేరే లోపం, పికప్‌లో ఏదో వదులుగా ఉంది. నాబ్‌లు తిప్పినప్పుడు గరగర ఉందా, వాల్యూమ్ సగానికి తగ్గిస్తే శబ్దం మరీ మసకబారిపోతోందా అన్నదీ వినండి.

ఇంకో మాట, కొన్ని పాత డిజైన్లలో ట్రస్ రాడ్ (నెక్ వంగకుండా లోపల ఉండే లోహపు కడ్డీ) తిప్పే చోటు నెక్ అడుగున, బాడీ దగ్గర ఉంటుంది. సరిచేయాలంటే నెక్ వదులు చేయాల్సిందే. వాతావరణం మారినప్పుడల్లా ఈ పని పడుతుంది కాబట్టి కొనేముందే చూసుకోండి.

తీగలు ఎత్తుగా ఉంటే సెటప్‌తో (రిపేర్ చేసేవాళ్లు సరిచేస్తే) దిగుతాయి, 12వ ఫ్రెట్ దగ్గర 2 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూగా ఉంటే చాలు. నెక్ మెలి తిరిగినా, ఫ్రెట్లు ఎగుడుదిగుడుగా ఉన్నా మాత్రం రంగు ఎంత నచ్చినా ఆ పీస్ వద్దు, అదే మోడల్‌లో ఇంకోటి తీసి చూపించమనండి.