సంఘ పెద్దను నిలదీయడం తప్పా?
వందనాలు సిస్టర్. చర్చి లెక్కలు అడిగినవాళ్లను మీ సంఘ పెద్ద ప్రసంగంలోనే పేరు పెట్టి తిడుతున్నారని, ఎదురు మాట్లాడితే ‘అభిషిక్తులను (అంటే దేవుడు ఎన్నుకున్నవాళ్లను) ముట్టకూడదు’ అంటున్నారని రాశారు. చదివి చాలా బాధనిపించింది.

ఆ మాట బైబిల్లోని 105వ కీర్తనలోది. అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులకు రాజులు హాని చేయకుండా దేవుడు కాపాడిన సందర్భం అది. తప్పు చేసిన పెద్దను ప్రశ్నించవద్దని కాదు. అంతియొకయ పట్టణంలో పౌలు, యేసు ముఖ్య శిష్యుడైన పేతురునే అందరి ముందు నిలదీశాడు కదా!

1 తిమోతి 5:19, 20 చూడండి. పెద్ద మీద ఆరోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలి, పాపంలో ఉన్నవారిని అందరి ఎదుట గద్దించాలి. కాబట్టి ఎవరో చెప్పగా విన్నవి వదిలేసి, ఏ ఆదివారం ఎవరిని ఏమన్నారో స్వయంగా విన్నవాళ్లతో రాయించండి. వాళ్లను వెంటబెట్టుకుని మిగతా పెద్దలను కలవండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టకండి, అసలు విషయం పక్కదారి పడుతుంది. పిల్లల మీద వేధింపుల్లాంటివి ఉంటే ఇవేవీ వద్దు, నేరుగా పోలీసులకే చెప్పండి.