హేతువు, ఉపనయం రెండూ ఒకటేలా అనిపిస్తుంటే

పొగని చూసి నిప్పుందని తేల్చే అనుమానం (తర్కంతో తేల్చడం) గురించి రాస్తూ మీరు హేతువు దగ్గరా, ఉపనయం దగ్గరా, రెండు చోట్లా "పొగ ఉంది కాబట్టి" అనే రాశారు, న్యాయ దర్శనం (భారతీయ తర్కశాస్త్రం) ఆన్సర్‌లో మార్కులు పోయింది అక్కడే అయ్యుంటుంది. ఆ అనుమానాన్ని చెప్పే ఐదు వాక్యాలూ ఇవి:

1. ప్రతిజ్ఞ (నిరూపించాల్సిన మాట): కొండ మీద నిప్పుంది.
2. హేతువు (కారణం): పొగ ఉంది కాబట్టి.
3. ఉదాహరణ: ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పుంటుంది, వంటింట్లో లాగా.
4. ఉపనయం (3లోని నియమాన్ని ఈ కొండకి కలపడం): ఈ కొండ మీదున్నదీ అలాంటి పొగే, నిప్పు లేకుండా ఉండని పొగ.
5. నిగమనం (ముగింపు): అందుకే కొండ మీద నిప్పుంది.

అందరూ మిస్సయ్యేది 3 దగ్గర. వంటిల్లు అని రాసేసి ఆపేస్తారు, దాని ముందున్న "ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు" అనేదే వ్యాప్తి (ఒకటి ఉన్నచోటల్లా రెండోది తప్పక ఉంటుందనే నియమం), అసలు బలమంతా అందులోనే ఉంది, అది వదిలేస్తే 4లో కలపడానికి ఏమీ ఉండదు కాబట్టి హేతువునే మళ్ళీ రాసినట్టవుతుంది.

వ్యాప్తిని తిరగేసి, "ఎక్కడ నిప్పుంటే అక్కడ పొగ" అని మాత్రం రాయొద్దు. ఎర్రగా కాలిన ఇనప గుండులో నిప్పుంటుంది, పొగుండదు కదా (నేనూ ఫస్టియర్‌లో ఇక్కడే బోల్తా పడ్డా).

అరిస్టాటిల్ సిలాజిజంతో (రెండు వాక్యాల నుంచి మూడోదాన్ని ముగింపుగా తీసే తర్కం) పోల్చమని అడిగితే 3, 4, 5 తీసుకోండి. ఈ ఐదూ పరార్థానుమానానికే, అంటే ఎదుటివాళ్ళని ఒప్పించడానికి, మనకి మనం ఊహించుకునే స్వార్థానుమానంలో ఇవన్నీ చెప్పక్కర్లేదు.