ఇంటర్నేషనల్ ఐడియాలో ఉద్యోగం: ముందు దాన్ని ఎవరు నడుపుతారో చూడండి

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో బీఏ పొలిటికల్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతోంది. స్వీడన్‌లోని ఇంటర్నేషనల్ ఐడియా అనే సంస్థలో పనిచేయాలని పట్టుబడుతోంది. అది ప్రజాస్వామ్యానికి, ఎన్నికల నిర్వహణకు సాయం చేసే సంస్థ అంటోంది. అది ప్రభుత్వమా, ఎన్జీవోనా, ఐక్యరాజ్యసమితిలో భాగమా? దాన్ని ఎవరు నడుపుతారు? ఉద్యోగం నిలకడగా ఉంటుందా? మాది వ్యాపార కుటుంబం, ఇవేవీ తెలియక టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి, నిజామాబాద్

జవాబు: ఎవరు నడుపుతారని అడిగారు చూడండి, మిగతా ప్రశ్నలకు జవాబు కూడా అందులోనే ఉంది. విదేశీ ఉద్యోగం అనగానే జీతం, వీసా గురించి అడిగేవాళ్లే ఎక్కువ. సంస్థలో పెత్తనం ఎవరిదని అడిగేవాళ్లు అరుదు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ఇంటర్నేషనల్ ఐడియా ఎన్జీవో కాదు, ఐక్యరాజ్యసమితిలో భాగమూ కాదు. దేశాలు కలిసి పెట్టుకున్న సంస్థ. 1995 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో 14 దేశాలు దీన్ని స్థాపించాయి. స్వీడన్, నార్వే, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా, చిలీ లాంటి వాటితో పాటు మన దేశం కూడా ఆ 14లో ఉంది. అంటే మీ అమ్మాయి వెళ్లాలనుకుంటున్న చోట భారత ప్రభుత్వానికీ మొదటి నుంచి వాటా ఉంది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో దీనికి 2003 నుంచి పరిశీలక హోదా ఉంది, అంతవరకే. కాబట్టి ఐక్యరాజ్యసమితి పెట్టే పోటీ పరీక్ష రాస్తే ఇక్కడ ఉద్యోగం రాదు. ఖాళీ పడినప్పుడు ప్రకటన ఇస్తారు, దానికి నేరుగా దరఖాస్తు చేసుకోవాలి. మధ్యలో ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమే.

ఇక పెత్తనం సంగతి. అన్నిటికంటే పైన సభ్యదేశాల మండలి ఉంటుంది. ఇప్పుడు సభ్యదేశాలు దాదాపు 35. దేశం పెద్దదైనా చిన్నదైనా ఓటు ఒక్కటే. మూడు లక్షల జనాభా కూడా లేని బార్బడోస్ వ్యవస్థాపక సభ్యదేశం, మనమూ వ్యవస్థాపక సభ్యులమే. మండలిలో ఇద్దరికీ ఒకటే ఓటు. బడ్జెట్‌ను, కార్యక్రమాలను ఆమోదించేది, సెక్రటరీ జనరల్‌ను నియమించేది, కొత్త దేశాన్ని చేర్చుకునేది ఈ మండలే. చేరాలనుకునే దేశం తన సొంత గడ్డ మీద చట్టబద్ధ పాలనను, మానవ హక్కులను, ప్రజాస్వామ్య మూల సూత్రాలను పాటిస్తున్నట్టు ఆచరణలో చూపించాలని నిబంధన. ఊళ్లో అందరికీ చెప్పి తన ఇంట్లో పాటించకపోతే ఎవరు వింటారు? ఆ నిబంధన ఉన్నందుకే ఈ సంస్థ మీద నాకు గౌరవం.

మండలి అధ్యక్ష స్థానం ఏటా ఒక దేశం నుంచి మరో దేశానికి మారుతుంది. 2026 సంవత్సరానికి ఆ వంతు మనది. మన ప్రధాన ఎన్నికల కమిషనర్ జ్ఞానేశ్ కుమార్ 2025 డిసెంబర్‌లో స్టాక్‌హోమ్‌లో ఆ బాధ్యత తీసుకున్నారు. దీన్ని చూసి మనవాళ్లకు ఉద్యోగాలు సులభంగా వస్తాయని కొందరు ప్రచారం చేయవచ్చు, నమ్మకండి. అధ్యక్ష స్థానంలో ఉన్న దేశం సమావేశాలు నడుపుతుంది, నియామకాలు సంస్థ సచివాలయం, అంటే సెక్రటరీ జనరల్ కింద పనిచేసే కార్యాలయం చూసుకుంటుంది.

మండలి ఏడాది పొడవునా కూర్చోదు కాబట్టి మధ్యలో పనులు చూడటానికి ఒక స్టీరింగ్ కమిటీ, లెక్కలు చూడటానికి ఆర్థిక, ఆడిట్ కమిటీ ఉన్నాయి. వీటికి పక్కన సలహాదారుల బోర్డు. అందులో దేశాలు ఉండవు, అనుభవజ్ఞులైన వ్యక్తులు ఉంటారు. మన మాజీ ప్రధాన ఎన్నికల కమిషనర్ ఎస్.వై. ఖురేషీ ఆ బోర్డులో పనిచేశారు. రోజువారీ పని నడిపేది సెక్రటరీ జనరల్. కోస్టారికాకు ఉపాధ్యక్షుడిగా పనిచేసిన కెవిన్ కాసాస్ జమోరా 2019లో ఈ పదవిలోకి వచ్చారు. ఉద్యోగులంతా ఆయన కింద పనిచేస్తారు. మీ అమ్మాయి అక్కడ చేరితే భారతదేశం తరఫున మాట్లాడే మనిషి కాదు, సంస్థ మనిషి. మన దేశంలో ఎన్నికల గురించి సంస్థ విమర్శగా ఒక నివేదిక రాస్తే ఆ పేజీల మీద తనూ పనిచేయాల్సి రావచ్చు. దీనికి తను మనసులో సిద్ధంగా ఉందో లేదో ఇప్పుడే అడగండి.

మీరు వ్యాపారం చేసేవారు, ఈ మాట మీకు వెంటనే బోధపడుతుంది: ఓట్లు సమానం, డబ్బు మాత్రం సమానంగా రాదు. కొన్ని దేశాలు చాలా ఎక్కువ ఇస్తాయి, ఆతిథ్య దేశం స్వీడన్ వాటిలో ముఖ్యమైనది. వచ్చే డబ్బు రెండు రకాలు. సంస్థ తన ఇష్టప్రకారం వాడుకోగల మూలనిధి ఒకటి. ఫలానా దేశంలో ఫలానా పనికే ఖర్చు పెట్టాలని దాత షరతు పెట్టే ప్రాజెక్టు నిధి రెండోది. మీ అమ్మాయి ఉద్యోగ భద్రత ఈ రెండింట్లో ఏ డబ్బు మీద ఆ పోస్టు నిలబడి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. ప్రకటనలో ‘నిర్ణీత కాలానికి’, ‘నిధుల లభ్యతను బట్టి పొడిగింపు’ అనే మాటలు కనిపిస్తే ప్రాజెక్టు ముగిసిన రోజు ఆ కుర్చీ కూడా ముగియవచ్చని అర్థం. 2025 జనవరిలో అమెరికా తన విదేశీ సాయాన్ని ఆపేసినప్పుడు ప్రజాస్వామ్య రంగంలోని సంస్థల్లో చాలామంది నెలల వ్యవధిలో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వాళ్ల పనితనంలో లోపం లేదు, డబ్బు వచ్చే దారి మూసుకుపోయింది. సర్కారు కొలువులా అరవై ఏళ్ల దాకా నడిచే ఉద్యోగం అనుకుంటే మాత్రం ఇది వద్దు. ఒక చోట ఒప్పందం ముగిస్తే ఇంకో చోట వెతుక్కోగల నేర్పు, ఓపిక ఉంటే ఇది మంచి దారి, గౌరవమైన దారి.

ఇప్పుడు అమ్మాయికి. బీఏతో ఆగకమ్మా. ఇలాంటి చోట వృత్తి స్థాయి పోస్టులకు సాధారణంగా పీజీ అడుగుతారు, దానితో పాటు కొన్నేళ్ల అనుభవం కూడా. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఎంఏ మంచిదే. న్యాయం వైపు ఆసక్తి ఉంటే రాజ్యాంగ చట్టం చదువు, రాజ్యాంగ రచనలో దేశాలకు తోడ్పడటం ఈ సంస్థ చేసే పెద్ద పనుల్లో ఒకటి. నేపాల్‌లో వాళ్లు చాలా ఏళ్లు ఆ పని చేశారు. తార్నాకలోని ఇఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) స్పానిష్ గానీ ఫ్రెంచ్ గానీ ఇప్పుడే మొదలుపెట్టు. లాటిన్ అమెరికాలో ఈ సంస్థ పని ఎక్కువ, స్పానిష్ వచ్చినవాళ్లకు దారి తెరుచుకుంటుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఎన్నికను దగ్గరగా చూడటం. దరఖాస్తుల్లో ‘ప్రజాస్వామ్యం పట్ల మక్కువ’ అని అందరూ రాస్తారు. పోలింగ్ మొదలయ్యే ముందు అభ్యర్థుల ఏజెంట్ల ఎదుట ఈవీఎంలో కనీసం 50 ఓట్లతో మాక్ పోల్ (నమూనా పోలింగ్) ఎందుకు వేస్తారో, పోలింగ్ ముగిశాక ప్రిసైడింగ్ అధికారి ఫారం 17సి మీద పోలైన ఓట్ల సంఖ్య రాసి ఏజెంట్లకు కాపీ ఎందుకు ఇవ్వాలో చెప్పగలిగేవాళ్లు ఎంతమంది? అసెంబ్లీ ఎన్నిక భారత ఎన్నికల సంఘం నిర్వహిస్తుందని, పంచాయతీ ఎన్నిక నిర్వహించేది రాష్ట్ర ఎన్నికల సంఘమని, రెండూ వేర్వేరు రాజ్యాంగ సంస్థలని పొలిటికల్ సైన్స్ విద్యార్థులకే స్పష్టంగా తెలియదు. మీ కాలేజీలో ఓటరు నమోదుకు క్యాంపస్ అంబాసిడర్‌ను తీసుకుంటే పేరు ఇవ్వు. బూత్ లెవెల్ అధికారితో ఒక వారం ఇంటింటికీ తిరుగు. చనిపోయినవాళ్ల పేర్లు జాబితాలో ఎందుకు మిగిలిపోతాయో, పెళ్లై వేరే ఊరికి వెళ్లిన అమ్మాయిల పేర్లు ఎలా గల్లంతవుతాయో నీ కళ్లతో చూసి నాలుగు పేజీలు రాయి. ఆ నాలుగు పేజీలు నీ దరఖాస్తుకు పెద్ద బలం.

ఈ రంగంలో మన తెలుగువాళ్లు కొత్తేమీ కాదు. 1990లో కొద్ది రోజులైనా ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా ఉండి, ఆ స్థానంలో కూర్చున్న మొదటి మహిళగా నిలిచిన వి.ఎస్. రమాదేవి గారు చేబ్రోలులో పుట్టినవారు.

ఇంకో దారి కూడా ఉంది, మీ ఇంటికి బాగా సరిపోయేది. ఇలాంటి ప్రతి సంస్థకూ దాతల డబ్బు షరతుల ప్రకారమే ఖర్చయిందని పైసా పైసా చూపించే లెక్కల మనుషులు కావాలి. ఖాతా పుస్తకాల మధ్య పెరిగిన పిల్ల కదా, ఎంఏతో పాటు అకౌంటింగ్ కోర్సు ఒకటి చేస్తే ప్రాజెక్టు ఫైనాన్స్ పోస్టులకు కూడా అర్హత వస్తుంది.

మొదటి అడుగుగా ఈ వారం సంస్థ వెబ్‌సైటులో శాసన పత్రం (స్టాట్యూట్స్, అంటే సంస్థ నియమావళి), చివరి వార్షిక నివేదిక తెరిచి తండ్రీకూతుళ్లు కలిసి చదవండి. పెత్తనం ఎవరిదో శాసన పత్రంలో ఉంటుంది, ఎవరెంత ఇచ్చారో నివేదికలో ఉంటుంది. ఇంటర్న్‌షిప్‌కు దరఖాస్తు చేసే ముందు స్టైపెండ్ ఎంతో, స్టాక్‌హోమ్‌లో గది అద్దె ఎంతో పక్కపక్కన రాసుకోండి. అది ఖరీదైన ఊరు. తేడా మీరు భరించగలరా లేదా అన్నది మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సిన లెక్క.