పైమాల్‌లో సెట్టింగ్స్ గుర్తుండాలంటే ఏ ప్లగిన్ వేసుకోవాలి?

ప్రొటీన్ల 3డీ బొమ్మలు గీసే పైమాల్ ప్రోగ్రామ్ తెరిచిన ప్రతిసారీ నల్ల బ్యాక్‌గ్రౌండ్ మార్చుకోవడం, నీడలు తీసెయ్యడం, రంగులు పెట్టుకోవడం విసుగొస్తోంది, వీటిని గుర్తుపెట్టుకునే ప్లగిన్ ఉందా అని అడిగారు. ప్లగిన్ జోలికి వెళ్లకండి. ఫైల్ మెనూలో ఎడిట్ పైమాల్‌ఆర్‌సీ అని ఉంటుంది, ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు చదువుకునే ఫైల్ (ఆర్‌సీ) అది. రోజూ టైప్ చేసే లైన్లే అందులో రాసి సేవ్ చేయండి: బీజీ_కలర్ వైట్, సెట్ రే_షాడోస్ 0, ఇలా. ప్రోగ్రామ్ మొదలవగానే అవి వరసగా నడుస్తాయి. అంతే.

అయితే అసలు గొడవ ఆ ఫైల్లో ఏం రాయకూడదు అన్న దగ్గరే ఉంది.

మా ల్యాబ్‌లో ఒక సీనియర్ ఉండేవాడు. ఆయన బొమ్మలంటే అందరికీ మోజు. హెలిక్స్‌లకు, అంటే ప్రొటీన్‌లో స్ప్రింగులా మెలికలు తిరిగిన భాగాలకు, ఒక ఇటుక ఎరుపు వాడేవాడు, సెట్_కలర్ కమాండ్‌తో తనే కలుపుకున్నది. ఆయన వెళ్లిపోయాక పేపర్ రివిజన్‌కి వచ్చింది. లైగాండ్ (ప్రొటీన్‌కి అతుక్కునే అణువు) పక్కనున్న హైడ్రోజన్ బంధాలు కనబడేలా ఒక్క బొమ్మ తిప్పి గీయమన్నారు. ఆ బొమ్మ గీసే కమాండ్లు రాసిన స్క్రిప్ట్ మా దగ్గరే ఉంది కదా అని ధీమాగా నడిపాం. ఆ పేరుతో రంగే లేదంది పైమాల్. హెలిక్స్‌లన్నీ ఆకుపచ్చగా అలాగే ఉండిపోయాయి. ఫోన్ చేసి "అన్నా, ఆ ఎరుపు నంబర్లేంటి?" అని అడిగితే, "నా ఆర్‌సీ ఫైల్లో ఉండేదిరా, ఆ లాప్‌టాప్ ఫార్మాట్ కొట్టేశానే" అన్నాడు.

పాత బొమ్మలోంచి రంగు పట్టుకుందామని కూర్చున్నాం. రే ట్రేస్ చేసిన, అంటే వెలుతురూ నీడలూ లెక్కగట్టి గీసిన బొమ్మ అది. హెలిక్స్ వంపు మీద ఒక చోట నొక్కితే ఒక ఎరుపు, నాలుగు పిక్సెళ్లు పక్కన నొక్కితే ఇంకో ఎరుపు. వెలుతురు పడ్డచోట గులాబీ, అంచున దాదాపు నలుపు. ఏది వేసినా పాత బొమ్మల పక్కన పెడితే తేడా కొట్టేది. చివరికి బొమ్మలన్నీ కొత్త రంగుతో మళ్లీ గీశాం. చేసిన పనంతా ఉన్నదున్నట్టు సేవ్ చేసే పీఎస్ఈ సెషన్ ఫైల్ ఆయన ఒక్కటి దాచి ఉంటే రంగు అందులోనే ఉండేది!

అందుకే నా మాట ఇది: బొమ్మలో కనబడేది ఏదైనా ఆ బొమ్మ స్క్రిప్ట్‌లోనే ఉండాలి. మీ కంటికి, చేతికి సుఖంగా ఉండేవి మాత్రమే ఆర్‌సీలో ఉండాలి. ఫెచ్_పాత్ అలాంటిదే, దిగిన పీడీబీ (ప్రొటీన్ నిర్మాణాల) ఫైళ్లు ఎక్కడ పడితే అక్కడ పడకుండా ఒకే ఫోల్డర్‌లోకి వెళ్తాయి. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఆర్‌సీలో పెట్టుకోండి, కానీ స్క్రిప్ట్‌లో కూడా మళ్లీ రాయండి.

ఇంకో మంట డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు అన్న అంకె. పీఎన్‌జీ సేవ్ చేసేటప్పుడు 300 డీపీఐ అని కొట్టేస్తే బొమ్మ దానంతటదే నాణ్యంగా మారిపోతుందనుకునేవాళ్లే ఎక్కువ. పిక్సెళ్లు పెంచకుండా ఆ అంకె ఒక్కటే మారిస్తే ఏమీ ఒరగదు. రే 2400, 1800 (పిక్సెళ్లలో వెడల్పు, ఎత్తు) అని ముందు కొట్టండి, 300 డీపీఐలో 8 అంగుళాల వెడల్పు వస్తుంది.

ప్లగిన్లంటే నాకు పగేమీ లేదు. ఎలక్ట్రోస్టాటిక్స్‌కి, అంటే అణువు మీది విద్యుదావేశాల ప్రభావం లెక్కకి, ఏపీబీఎస్ ప్లగిన్ నేనూ వాడతాను. కానీ 2017లో పైమాల్ 2.0 వచ్చి, విండోలు గీసే టూల్‌కిట్ టీకే నుంచి క్యూటీకి మారాక, టీకే మీద రాసిన పాత ప్లగిన్లు లెగసీ ప్లగిన్స్ అనే మూలకు చేరాయి. పైథాన్ 2లో రాసి వదిలేసినవి చాలావరకు లోడే కావు. ఒక్క లైన్ పనికి వాటిని తగిలించుకుని, ప్రోగ్రామ్ మొదలవగానే ఎర్రర్లు చూస్తూ టెన్షన్ పడటం దేనికి? ప్లగిన్ మేనేజర్‌లో రోజూ వాడనివాటికి లోడ్ ఆన్ స్టార్టప్ టిక్కు తీసెయ్యండి. ఏదైనా తేడాగా ఉంటే టెర్మినల్ నుంచి పైమాల్ మైనస్ కే అని తెరవండి. అప్పుడు ఆర్‌సీ, ప్లగిన్లు రెండూ లోడ్ కావు. తేడా పోయిందంటే తప్పు ఆ రెంటిలోనే ఉన్నట్టు.

ఆర్‌సీ రాశాక కూడా పాత సెషన్ తెరిస్తే మళ్లీ నల్లగానే వస్తుంది, కంగారు పడకండి. సెషన్ తన సెట్టింగ్స్ తనే వెంట తెచ్చుకుని మీవాటి మీద వేసేస్తుంది. తెరిచాక బీజీ_కలర్ ఒకసారి కొట్టి, మళ్లీ సేవ్ చేసుకోండి.