నీళ్లు చేరిన ఇంజిన్ విప్పాలా, మార్చాలా?

అన్నా, వరద నీళ్లలో ఆగిపోయిన మీ పెట్రోల్ స్విఫ్ట్‌కి మెకానిక్ ఇంజినే మార్చమన్నారని కంగారు పడకండి, సెల్ఫ్ మాత్రం అస్సలు కొట్టొద్దు. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ కవర్ ఉంటే విప్పకముందే వాళ్లకి చెప్పండి. లేకపోతే స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి, క్రాంక్ పుల్లీ (ఇంజిన్ పక్కన బెల్టు తిప్పే చక్రం) బోల్టుకి స్పానర్ వేసి చేత్తో మెల్లగా తిప్పండి, నీళ్లు ప్లగ్ హోల్స్‌లోంచి బయటికొస్తాయి, ఎక్కడైనా పట్టేస్తే బలవంతం చేయొద్దు. ఆయిల్ పాలటీలా ఉంటే ఆయిలూ ఫిల్టరూ మార్చి, అప్పుడు కంప్రెషన్ (ఒక్కో సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) చూడండి. ఒక్క సిలిండర్‌లోనే బాగా తక్కువొస్తే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) వంగి ఉండొచ్చు, బ్లాక్ (సిలిండర్లుండే ఇంజిన్ దిమ్మ) బాగుంటే రిపేరే మేలు, కానీ టార్క్ రెంచ్ (బోల్టుని లెక్క ప్రకారం బిగించే స్పానర్) లేకుండా ఆ పని ఇంట్లో పెట్టుకోవద్దు. బ్లాక్ పగిలితేనే సెకండ్ హ్యాండ్ ఇంజిన్, దానికి బిల్లు తీసుకుని ఆర్టీఓలో ఆర్‌సీ మీద ఇంజిన్ నంబర్ మార్పించాల్సిందే.